ఉప కాంట్రాక్టరు చెల్లించని కూలికి బాధ్యులెవరు? నిర్మాణ కార్మికుల వేతన బకాయిలు - చట్టంలోని రక్షణలు

తెలుగు రాష్ట్రాలలో వ్యవసాయం తరువాత శ్రమజీవులకు అధికంగా ఉపాధి కల్పిస్తున్న రంగాలలో భవన, ఇతర నిర్మాణ రంగం ఒకటి. బహుళ అంతస్తుల నివాస సముదాయాలు, రహదారులు, వంతెనలు, నీటి పారుదల ప్రాజెక్టులు మొదలగు వాటిలో పని ఒక్కరి చేతి మీదుగా జరగదు. యజమాని ప్రధాన కాంట్రాక్టరుకు పని అప్పగిస్తాడు. ఆయన సెంట్రింగు, ఇనుప కడ్డీల పని, తాపీ పని, టైల్సు, రంగుల పనులను వేర్వేరు ఉప కాంట్రాక్టర్లకు ఇస్తాడు. వారు తిరిగి మేస్త్రీలకు అప్పగించడం పరిపాటి. అట్టడుగున ఇటుకలు మోసే కూలీకి, పైన బిల్లు మంజూరు చేసే యజమానికి మధ్య మూడు నాలుగు చేతులు ఉంటాయి. వాటిలో ఏ ఒక్క చేయి మూసుకుపోయినా కూలి అందదు.

కూలి అందని కార్మికుడు నిర్మాణ స్థలం కార్యాలయానికి వెళ్ళి అడిగినపుడు సాధారణంగా వినవచ్చే సమాధానం ఒకటే: "మేము ఉప కాంట్రాక్టరుకు డబ్బు ఇచ్చివేశాము, నీవు అతడినే అడుగు." ఉప కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు. మేస్త్రీ తనకే రావలసి ఉన్నదని వాపోతాడు. చట్టం మాత్రం ఈ సమాధానాన్ని అంగీకరించదు. కింది కాంట్రాక్టరు వేతనం చెల్లించనప్పుడు, ఆ పని ఎవరి సంస్థలో, ఎవరి ప్రయోజనం కొరకు జరిగినదో వారు చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుండి రాబట్టుకోవలసి ఉంటుంది. ఈ సూత్రం దేశంలో 1971 నుండి అమలులో ఉన్నది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు కూడ దీనిని కొనసాగించాయి. అయినప్పటికీ ఈ హక్కును గురించి తెలిసిన కార్మికులు తక్కువ. తెలిసిన యజమానులు కూడ అవసరం పడేవరకు దానిని గుర్తు చేసుకోరు.

బకాయి ఎలా ఏర్పడుతుంది

వేతన బకాయిలన్నీ మోసం వలననే ఏర్పడతాయని భావించడం సరికాదు. నిర్మాణ రంగంలో పని లెక్క ఒక విధంగాను, కూలి లెక్క మరొక విధంగాను నడుస్తుంది. ఉప కాంట్రాక్టరుకు చదరపు అడుగుకు ఇంత అని, ఇనుప పనికి టన్నుకు ఇంత అని, మట్టి పనికి ఘనపు మీటరుకు ఇంత అని ధర నిర్ణయిస్తారు. పని కొలతలు తీసి, ఇంజనీరు ధ్రువీకరించి, బిల్లు మంజూరై సొమ్ము చేతికి వచ్చేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. అందులోను కొంత శాతాన్ని పని నాణ్యతకు హామీగా ప్రధాన కాంట్రాక్టరు నిలిపి ఉంచుతాడు. కూలీకి మాత్రం రోజు లెక్క. అతడి కడుపు బిల్లు మంజూరు అయ్యేవరకు ఆగదు.

ఈ మధ్య కాలాన్ని దాటించడానికి వారం వారం ఖర్చులకని కొంత సొమ్ము ఇచ్చి, మిగిలినది 'లెక్క చూసినప్పుడు' ఇస్తామని చెప్పడం ఆనవాయితీ. ఉదాహరణకు 24 మంది కూలీలు రోజుకు రూ.650 చొప్పున 40 రోజులు పనిచేశారనుకుందాం. వారికి రావలసిన మొత్తం రూ.6,24,000. వారానికి ఒక్కొక్కరికి రూ.1,500 చొప్పున ఐదు వారాలు ఇచ్చారనుకుంటే అందినది రూ.1,80,000. మిగిలిన రూ.4,44,000, అనగా ఒక్కొక్కరికి రూ.18,500, ఉప కాంట్రాక్టరు వద్ద మాట రూపంలో ఉండిపోతుంది. కొలతలపై తగాదా వచ్చినా, ఉప కాంట్రాక్టరు ఆ సొమ్మును వేరొక పనిలో పెట్టినా, లేక పని మధ్యలో వదలి వెళ్ళినా నష్టం అంతా చివరికి ఆ 24 మందిపై పడుతుంది. ప్రధాన కాంట్రాక్టరుకు, ఉప కాంట్రాక్టరుకు మధ్య గల కొలతల వివాదంతో కూలీకి సంబంధం లేదు. అతడు పని చేసిన రోజులకు వేతనం గడువులోగా చెల్లించి తీరవలసినదే.

మరొక చిక్కు ముందస్తు సొమ్ముతో ముడిపడి ఉన్నది. పాలమూరు ప్రాంతంలో గుంపు మేస్త్రీలు ఇంటింటికి అడ్వాన్సు ఇచ్చి కూలీలను దూర ప్రాంతాల పనులకు తీసుకుపోయే పద్ధతి తరతరాలుగా ఉన్నది. దేశంలోని అనేక ఆనకట్టలు, కాలువలు ఆ జిల్లా కూలీల చెమటతో రూపుదిద్దుకున్న సంగతి విదితమే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి హైదరాబాదు, చెన్నై నగరాలకు వెళ్ళే నిర్మాణ కూలీల పరిస్థితి కూడ దీనికి భిన్నం కాదు. నేడు ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుండి మన నగరాలకు వచ్చి పనిచేస్తున్న వారిదీ ఇదే కథ. అడ్వాన్సు ఎంత, అందులో ఎంత తీరింది, దారి ఖర్చులు ఎవరి ఖాతాలో వేశారు అన్న లెక్క మేస్త్రీ పుస్తకంలోనే ఉంటుంది. పనిలో చేరకముందు ఇచ్చిన అడ్వాన్సును వేతనం నుండి రాబట్టుకోవచ్చును గాని, ప్రయాణ ఖర్చుల కొరకు ఇచ్చిన అడ్వాన్సును రాబట్టరాదని వేతనాల స్మృతి 23వ సెక్షను స్పష్టం చేస్తున్నది. అంతకు ముందు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోను ఇదే నిబంధన ఉండేది. రైలు టికెట్టు డబ్బును కూలిలో కోత కోసే మేస్త్రీలకు గాని, కోయించుకునే కూలీలకు గాని ఈ విషయం తెలియకపోవడం శోచనీయం.

భార్యాభర్తలు జంటగా పనికి కుదిరినప్పుడు ఇబ్బంది ఇంకొక మెట్టు ఎక్కువ. పలుచోట్ల హాజరు పుస్తకంలో భర్త పేరు మాత్రమే రాసి, జంట కూలి అని ఒకే మొత్తం ఇస్తారు. బకాయి పడినప్పుడు భార్య పని చేసినట్టు ఆధారమే ఉండదు. చట్టం దృష్టిలో ఆమె విడిగా ఒక కార్మికురాలు. ఆమె పేరు, ఆమె హాజరు, ఆమె వేతనం విడిగా నమోదు కావలసినవే. స్త్రీ పురుష భేదంతో వేతనంలో వ్యత్యాసం చూపరాదని కూడ వేతనాల స్మృతి నిర్దేశిస్తున్నది.

ఏషియాడ్ పనులలో ఒక రూపాయి

వేతనం బాధ్యత పై మెట్టుదాకా వెళుతుందన్న విషయాన్ని దేశానికి తెలియజెప్పిన కేసు 1982 నాటిది. ఆ సంవత్సరం ఢిల్లీలో జరిగిన తొమ్మిదవ ఆసియా క్రీడల కొరకు స్టేడియములు, వంతెనలు, క్రీడాకారుల నివాసాలు వేగంగా నిర్మించారు. ఆ పనులకు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సా రాష్ట్రాల నుండి కూలీలను జమాదార్లు తీసుకువచ్చారు. అక్కడి జమాదారు అంటే మన మేస్త్రీయే. (మేస్త్రీ అన్న మాట పోర్చుగీసు నుండి మనకు వచ్చినది. పనిలో ఆరితేరినవాడు అని దాని అసలు అర్థం. కూలీల గుంపుకు దళారి అన్న అర్థం దానికి తరువాత తోడైంది.) నాటి కనీస వేతనం రోజుకు రూ.9.25. కాంట్రాక్టర్లు ఆ సొమ్మును జమాదార్ల చేతికి ఇచ్చేవారు. జమాదారు తన కమిషను కింద రూపాయి మినహాయించుకొని కూలీకి రూ.8.25 ఇచ్చేవాడు. మహిళలకు రూ.7 మాత్రమే ముట్టేది.

ఈ విషయాన్ని పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ అనే సంస్థ లేఖ ద్వారా సుప్రీంకోర్టు దృష్టికి తీసుకురాగా, న్యాయస్థానం ఆ లేఖనే రిట్ పిటిషనుగా స్వీకరించింది. పనులు కాంట్రాక్టర్లవి గనుక తమకు బాధ్యత లేదన్న వాదన నిలువలేదు. కేంద్ర ప్రభుత్వం, ఢిల్లీ పరిపాలనా యంత్రాంగం, ఢిల్లీ అభివృద్ధి సంస్థ ప్రధాన యజమానులు గనుక, కాంట్రాక్టర్లు కార్మిక చట్టాలను పాటించేలా చూచే బాధ్యత నుండి అవి తప్పించుకొనజాలవని జస్టిస్ పి.ఎన్.భగవతి, జస్టిస్ బహారుల్ ఇస్లాంలతో కూడిన ధర్మాసనం 1982 సెప్టెంబరు 18న తీర్పు ఇచ్చింది. వేతనం జమాదారు ప్రమేయం లేకుండ నేరుగా కూలీ చేతికి అందాలని ఆదేశించింది. కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమ కిందకే వస్తుందని కూడ ప్రకటించింది. కార్మిక చట్టాల ఉల్లంఘనకు నామమాత్రపు జరిమానాలతో సరిపెట్టడం తగదన్న వ్యాఖ్య సైతం ఆ తీర్పులోనిదే.

రూపాయి చిన్న మొత్తంగా తోచవచ్చు. రోజు కూలిలో అది తొమ్మిదింట ఒక వంతుకు దగ్గర.

పాత చట్టాలు, కొత్త స్మృతులు

1970 నాటి కాంట్రాక్టు కార్మికుల (నియంత్రణ, రద్దు) చట్టం 1971 ఫిబ్రవరి 10 నుండి అమలులోకి వచ్చింది. 'కాంట్రాక్టరు' అన్న మాటలో ఉప కాంట్రాక్టరు కూడ చేరునని ఆ చట్టం నిర్వచించింది. వేతనం చెల్లించే ప్రథమ బాధ్యత కాంట్రాక్టరుదే. అయితే పంపిణీ సమయంలో ప్రధాన యజమాని తరఫున ఒక ప్రతినిధి హాజరై, ఫలానా తేదీన ఫలానా చోట తన సమక్షంలో ఇంత మొత్తం చెల్లించినారని సంతకం చేయాలి. కాంట్రాక్టరు చెల్లించకపోయినా, తక్కువ చెల్లించినా ప్రధాన యజమాని ఆ మొత్తం చెల్లించి, కాంట్రాక్టరు బిల్లు నుండి మినహాయించుకోవచ్చును. 21వ సెక్షను సారాంశం ఇది. ఆ ప్రతినిధి నిజంగా పంపిణీ చోట నిలబడి ఉన్నట్లయితే ఎన్నో బకాయిలు పుట్టకుండానే ఆగేవి. ఆచరణలో ఆ సంతకం నెలాఖరున కార్యాలయంలో కూర్చుని చేసే సంతకంగా మారిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఒరిస్సా నుండి 'దాదన్' కూలీల పేరిట జరిగిన దోపిడీ నేపథ్యంలో 1979లో అంతర్ రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. అది కాంట్రాక్టరు నిర్వచనంలో ఉప కాంట్రాక్టరుతో పాటు ఖాతాదారు, సర్దారు, ఏజెంటులను పేరు పెట్టి చేర్చింది. ఏ పేరుతో పిలిచినా బాధ్యత బాధ్యతే అన్నది దాని ఉద్దేశం. 2005లో వేతనాల చెల్లింపు చట్టాన్ని సవరించి, కాంట్రాక్టరు విఫలమైన చోట యజమానే చెల్లించాలన్న నిబంధనను అందులోను చేర్చారు.

ఈ చట్టాలన్నీ 2025 నవంబరు 21 నుండి రద్దయి, వాటి స్థానంలో నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. రద్దుకు ముందు చేసిన పనికి సంబంధించి ఏర్పడిన హక్కులు మాత్రం రద్దుతో తొలగిపోవు. వేతన బకాయిల విషయంలో ప్రస్తుతం చూడవలసినవి 2019 నాటి వేతనాల స్మృతి, 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి.

వృత్తి భద్రత స్మృతి 55వ సెక్షను పాత 21వ సెక్షనుకు వారసురాలు. కాంట్రాక్టరు వేతనాలను బ్యాంకు ద్వారా గాని, ఇతర ఎలక్ట్రానిక్ పద్ధతిలో గాని చెల్లించి, చెల్లించిన మొత్తాన్ని ప్రధాన యజమానికి ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే తెలియజేయాలి. గడువులోగా చెల్లించకపోయినా, తక్కువ చెల్లించినా ప్రధాన యజమాని పూర్తి మొత్తాన్ని లేక మిగిలిన బకాయిని కార్మికునికి చెల్లించాలి. దానిని కాంట్రాక్టరుకు ఏ ఒప్పందం కింద చెల్లించవలసిన సొమ్ము నుండి అయినా మినహాయించుకోవచ్చు, లేదా అప్పుగా వసూలు చేసుకోవచ్చు. దీనికి తోడు పాత చట్టంలోని సెక్షనులో లేని మరొక మార్గం ఇందులో ఉన్నది. కాంట్రాక్టరు వేతనాలు చెల్లించని పక్షంలో, లైసెన్సు సమయంలో అతడు ఉంచిన సెక్యూరిటీ డిపాజిట్టు నుండి ఆ వేతనాలు చెల్లించేలా ప్రభుత్వం ఉత్తర్వులు జారీ చేయవలసి ఉంటుంది.

అదే స్మృతి 54వ సెక్షను యజమానులు ప్రత్యేకంగా గమనించదగినది. లైసెన్సు పొందవలసి ఉండి పొందని కాంట్రాక్టరు ద్వారా కూలీలను పనిలో పెట్టుకుంటే, ఆ కూలీలు నేరుగా ప్రధాన యజమాని వద్ద నియమితులైనట్లే భావించబడతారు. ఉప కాంట్రాక్టరు లైసెన్సు చూడకుండా పని అప్పగించిన సంస్థ ఆ తరువాత 'వారెవరో మాకు తెలియదు' అనడానికి వీలుండదు.

అయితే ఒక పరిమితి ఉన్నది. కాంట్రాక్టు కార్మికులకు సంబంధించిన ఈ అధ్యాయం 50 లేక అంతకు మించి కాంట్రాక్టు కార్మికులు ఉన్న సంస్థలకే వర్తిస్తుంది. పాత చట్టంలో ఈ సంఖ్య 20. చిన్న అపార్ట్‌మెంటు నిర్మాణాలలో ఎక్కువ భాగం ఈ గీతకు కిందనే ఉంటాయి. అటువంటి చోట ఆధారపడవలసినది వేతనాల స్మృతి 43వ సెక్షను. దానికి కార్మికుల సంఖ్యతో పని లేదు. యజమాని అనగా ఎవరు పనిలో పెట్టుకున్నారో వారు, కాంట్రాక్టరుతో సహా, చెల్లించాలి. వారు చెల్లించనపుడు, ఆ కార్మికుడు పనిచేసిన సంస్థకు స్వంతదారు అయిన కంపెనీ, భాగస్వామ్య సంస్థ లేక వ్యక్తి ఆ చెల్లింపుకు బాధ్యులు. ఈ స్మృతిలోను కాంట్రాక్టరు అంటే ఉప కాంట్రాక్టరు కూడ అనే అర్థం.

చెల్లింపు గడువులు కూడ వేతనాల స్మృతిలోనే ఉన్నాయి. రోజు కూలికి ఆ రోజు పని ముగిసే సరికి, వారం కూలికి వారపు సెలవుకు ముందు చివరి పని దినాన, నెల జీతానికి తరువాతి నెల ఏడవ తేదీ లోపు చెల్లించాలి. పని నుండి తొలగించినా, కార్మికుడు మానుకున్నా రెండు పని దినాలలోపు లెక్క తేల్చి ఇవ్వాలి. 'స్లాబు పడ్డాక ఇస్తాం', 'పండుగకు ఊరికి వెళ్ళేటప్పుడు ఇస్తాం' అన్న వాయిదాలకు ఈ గడువులలో చోటు లేదు.

ఒక అపోహను కూడ ఇక్కడ తొలగించవలసి ఉన్నది. ప్రధాన యజమాని వేతన బకాయి చెల్లించినంత మాత్రాన ఆ కార్మికుడు సంస్థకు శాశ్వత ఉద్యోగి కాడు. ఈ భయంతో చెల్లింపుకు వెనుకాడే సంస్థలు ఉన్నాయి. చట్టం విధించినది వేతనం చెల్లించే బాధ్యతను మాత్రమే.

ప్రభుత్వ పనులలో

ప్రభుత్వ నిర్మాణాలలో చట్టంతో పాటు ఒప్పంద పత్రమే కూలీకి అండగా నిలుస్తుంది. కేంద్ర ప్రజాపనుల శాఖ సాధారణ ఒప్పంద నిబంధనలలోని 19-బి నిబంధన ఇందుకు ఉదాహరణ. ఉప కాంట్రాక్టర్లు పెట్టుకున్న కూలీలకు సైతం, వారిని తానే నేరుగా పనిలో పెట్టుకున్నట్లుగా భావించి, కాంట్రాక్టరు న్యాయమైన వేతనం ఇప్పించాలని అది నిర్దేశిస్తుంది. చెల్లించని వేతనానికి సరిపడు సొమ్మును కాంట్రాక్టరు బిల్లు నుండి మినహాయించే అధికారం బాధ్యుడైన ఇంజనీరుకు ఉంటుంది. జమాదారు కమిషను పేరుతో కూలిలో కోత పడకుండా చూడవలసిన బాధ్యత కూడ కాంట్రాక్టరుపైనే ఉంచారు. ఈ నిబంధనల బలం బిల్లు చెల్లించే రోజున తెలుస్తుంది. చివరి బిల్లు విడుదలై, డిపాజిట్టు వాపసు ఇచ్చిన తరువాత ఇంజనీరు చేతిలో మిగిలేది ఉత్తర ప్రత్యుత్తరాలే. కనుక ఫిర్యాదు బిల్లుకు ముందే అందడం కార్మికునికి మేలు.

2020 లాక్‌డౌన్ కాలంలో ఇటువంటి ఆలస్యం ఎంత తీవ్రంగా పరిణమిస్తుందో సంగారెడ్డి జిల్లా కందిలో కనబడింది. ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణ నిర్మాణంలో ఉన్న వలస కూలీలు వేతన బకాయిలు చెల్లించాలని, స్వస్థలాలకు పంపాలని కోరుతూ ఆ ఏడాది ఏప్రిల్ 29న ఆందోళనకు దిగారు. రెండు రోజుల తరువాత, మే 1న, దేశంలోనే మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు సుమారు 1,200 మందితో లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. కూలీ ఊరికి చేరిన తరువాత బకాయి వసూలు చేసుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

బకాయి కోరడం ఎలా

వేతనం చెల్లించలేదని గాని, తక్కువ చెల్లించారని గాని, అక్రమంగా కోత విధించారని గాని క్లెయిము వచ్చినపుడు, చెల్లించినట్లు రుజువు చేసే భారం యజమానిపైనే ఉంటుందని వేతనాల స్మృతి 59వ సెక్షను చెబుతున్నది. నిరక్షరాస్యులైన కూలీలకు ఇది గొప్ప రక్షణ. అయితే తాను ఆ స్థలంలో పని చేసినట్లు ప్రాథమికంగా చూపవలసిన అవసరం కార్మికునికి ఉంటుంది. సంస్థ ఆ కార్మికుడు ఎవరో తెలియదన్నచోటనే అనేక క్లెయిములు వీగిపోతున్నాయి.

కనుక పనిలో చేరిన మొదటి రోజు నుండే ఆధారాలు కూడబెట్టుకోవాలి. నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు యజమాని విధి. కాంట్రాక్టరును అడిగితే అనుభవ ధ్రువపత్రం కూడ ఇవ్వవలసి ఉంటుంది. ఇవి చేతికి రాని చోట గేటు పాసు, గుర్తింపు కార్డు, మేస్త్రీ ఫోన్ ద్వారా పంపిన డబ్బు వివరాలు, పని స్థలంలో తీసిన ఫోటోలు, భవిష్యనిధి ఖాతా పాసుపుస్తకంలో కనబడే సంస్థ పేరు, తోటి కూలీల సాక్ష్యం పనికి వస్తాయి. రోజువారీ హాజరును చిన్న నోటు పుస్తకంలో తేదీలతో రాసుకునే అలవాటు అన్నిటికంటె మేలైనది. నిర్మాణ స్థలం వద్ద ప్రదర్శించిన బోర్డును ఫోటో తీసి ఉంచుకుంటే ప్రధాన యజమాని ఎవరో, ప్రధాన కాంట్రాక్టరు ఎవరో తరువాత వెతుక్కోనక్కరలేదు. దరఖాస్తులో మేస్త్రీ పేరు ఒక్కటే రాసి వదిలివేయడం సాధారణంగా జరిగే పొరపాటు. ఉప కాంట్రాక్టరును, ప్రధాన కాంట్రాక్టరును, సంస్థ యజమానిని కూడ ప్రతివాదులుగా చూపాలి.

వేతనం బ్యాంకు ఖాతాలో పడుతున్నప్పుడు ఏటీఎం కార్డును, రహస్య సంఖ్యను మేస్త్రీ వద్ద ఉంచరాదు. కాగితం మీద పూర్తి వేతనం చెల్లించినట్లు ఉండి, చేతికి సగమే అందిన సందర్భంలో బకాయిని నిరూపించడం బహు కష్టం.

క్లెయిము దరఖాస్తును కార్మికుడు స్వయంగా గాని, రిజిస్టరు అయిన కార్మిక సంఘం ద్వారా గాని దాఖలు చేయవచ్చు. ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ కూడ దాఖలు చేయవచ్చు. ఒకే సంస్థలో పనిచేసిన ఎంతమంది తరఫున అయినా ఒకే దరఖాస్తు సరిపోతుంది. పై ఉదాహరణలోని 24 మంది 24 దరఖాస్తులు ఇవ్వనవసరం లేదు. గడువు మూడు సంవత్సరాలు. పాత వేతనాల చెల్లింపు చట్టంలో ఇది 12 నెలలు మాత్రమే. విచారణాధికారి బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు నష్టపరిహారం విధించవచ్చు. మూడు నెలలలో నిర్ణయం వెలువరించడానికి ప్రయత్నించాలని స్మృతి సూచిస్తున్నది. ఆదేశించిన మొత్తం చెల్లించని పక్షంలో వసూలు ధ్రువపత్రం జిల్లా కలెక్టరుకు వెళుతుంది. కలెక్టరు దానిని భూమి శిస్తు బకాయి వలె వసూలు చేస్తారు. ఇది గాక, రావలసిన దానికంటె తక్కువ చెల్లించిన యజమానికి రూ.50,000 వరకు జరిమానా పడవచ్చు. ఐదేళ్ళలోపు అదే నేరం తిరిగి చేస్తే మూడు నెలల వరకు జైలు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చు.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో సభ్యత్వం ఉన్నవారు వేతన బకాయి కొరకు మండలికి దరఖాస్తు చేయడం కద్దు. మండలి ఇచ్చేవి సంక్షేమ పథకాల ప్రయోజనాలు. వేతన బకాయి దాని పరిధిలోనిది కాదు. సభ్యత్వం లేనివారు సైతం వేతన బకాయి కోరవచ్చు.

ప్రైవేటు భవనాలు, రాష్ట్ర ప్రభుత్వ పనులకు సంబంధించిన ఫిర్యాదులను పని జరిగిన ప్రాంతంలోని రాష్ట్ర కార్మిక శాఖ అధికారులకు ఇవ్వాలి. రైల్వేలు, గనులు, ప్రధాన ఓడరేవులు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, వాటి కాంట్రాక్టర్ల వద్ద పని చేసిన వారి విషయంలో కేంద్ర కార్మిక శాఖకు చెందిన ప్రధాన కార్మిక కమిషనర్ (కేంద్ర) పరిధిలోని ప్రాంతీయ అధికారులను సంప్రదించాలి. స్వస్థలానికి తిరిగి వెళ్ళిన వలస కార్మికులు దరఖాస్తుతో పాటు పని చేసిన స్థలం చిరునామా, పని చేసిన తేదీలు, ముట్టిన మొత్తం, రావలసిన మొత్తం, మేస్త్రీ, ఉప కాంట్రాక్టరు, ప్రధాన కాంట్రాక్టరుల పేర్లు, తమ బ్యాంకు ఖాతా సంఖ్య విధిగా పేర్కొనాలి.